క్యాంబర్ బోల్టు వేస్తాం అంటే ఒక్క నిమిషం ఆగండి

కొత్త టైర్లు వేయించి, కారుని అలైన్‌మెంట్ ర్యాంపు ఎక్కించబోతున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. నాకు ఈ మూడు నెలల్లో ఒక టైరూ, ఒక షాకబ్జరూ దండగయ్యాయి. షాపు పేరు రాయను. ఇలాంటి షాపులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి, ఒకదాని పేరు చెప్తే మిగతావాటిని నమ్మేస్తారు.

నాది పాత డీజిల్ హ్యాచ్‌బ్యాక్. వేసవిలో క్లచ్ ప్లేటు మార్పించాను. అప్పట్నుంచి బండి కుడికి లాగుతోంది. వాన నీళ్ళు పోవడానికి మన రోడ్లు అంచులవైపు వాలుగా ఉంటాయి, మనం నడిపేది ఎడమ పక్కన కాబట్టి స్టీరింగ్ వదిలితే కారు కాస్త ఎడమకి జరగడం మామూలే. నా బండి ఆ వాలుకి ఎదురెక్కి మరీ కుడికి పోయేది. అయినా నాకు బుర్ర వెలగలేదు, టైర్లు అరిగాయనుకుని నాలుగూ మార్చేశాను.

టైర్లు కొన్నచోటే అలైన్‌మెంట్ కూడా. క్యాంబర్ అంటే ముందు నుంచి చూస్తే చక్రం నిలువుకి ఎంత వాలిందన్న కోణం; తల లోపలికి వాలితే మైనస్, బయటికైతే ప్లస్. స్క్రీన్ మీద ముందు ఎడమ చక్రం క్యాంబర్ మైనస్ 1 డిగ్రీ 4 నిమిషాలు, ఎర్రగా. కుడిది ప్లస్ 4 నిమిషాలు, అదీ ఎరుపే. మా కారుకి రెండు పక్కలా ఉండాల్సింది మైనస్ 30 నిమిషాలు, అటూ ఇటూ ఇంకో 30 వరకు ఫరవాలేదు. డిగ్రీ అంటే 60 నిమిషాలు. కుర్రాడు షాకబ్జర్ కింది బోల్టులు లూజు చేసి చక్రాన్ని బయటికి లాగాడు. బోల్టు కన్నంలో ఉన్న సందు ఎంతని, కొద్దిగా కదిలి ఆగిపోయింది. "ఈ కారుకి అడ్జస్ట్‌మెంట్ ఇంతే సార్, క్యాంబర్ బోల్టు పడాలి" అన్నాడు. పదహారు వందలు.

అతను చెప్పినదాంట్లో సగం నిజమే. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (షాకబ్జరే చక్రాన్ని నిలబెట్టే పద్ధతి) ఉండే మన చిన్న కార్లలో చాలావాటికి కంపెనీ నుంచి క్యాంబర్ సెట్టింగే ఉండదు, టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు ఎంత లోపలికో బయటికో తిరిగాయన్న కొలత) ఒక్కటే తిప్పుకోవాలి. క్యాంబర్ బోల్టు అంటే మధ్యలో గుడ్డులా ఒక పక్కకి ఉబ్బిన బోల్టు, తిప్పితే చక్రం తల లోపలికో బయటికో వాలుతుంది. మంచి రకమైతే, సరిగ్గా బిగిస్తే, అదేమీ మోసం కాదు. సెట్టింగే లేని కారులో క్యాంబర్ ఎందుకు తప్పిందని అడగకుండా బోల్టు అమ్మడం దగ్గరే తేడా అంతా.

నా కారుకి ఆ బోల్టు కూడా చాల్లేదు. అప్పుడు వాడు రౌండ్ ఫైలు, అదే గుండ్రటి ఆకురాయి, తెచ్చి షాకబ్జర్ బ్రాకెట్ కన్నాన్నే కోలగా అరగదీశాడు. నేను ఏసీ గదిలో టీ తాగుతూ అద్దంలోంచి చూస్తున్నాను, అది మామూలుగా చేసే పనే అనుకున్నాను. స్క్రీన్ పచ్చబడింది, ప్రింటు చేతిలో పెట్టారు.

మూడో వారం గొల్లపూడి దాటాక ఒక గుంటలో దబ్బున పడింది. స్టీరింగ్ అక్కడికక్కడే వంకర. అరగదీసిన కన్నంలో బోల్టు జారి, చక్రం తల మళ్ళీ లోపలికి పడిపోయింది. క్యాంబర్ కదిలితే టో కూడా కదులుతుంది, టైరుని అసలు తినేది ఈ టోనే. నేను పని ఒత్తిడిలో అలాగే తిప్పాను. రెండున్నర వేల కిలోమీటర్లకి ఎడమ టైరు లోపలి అంచు నున్నగా అయిపోయింది. బయట్నుంచి చూస్తే కొత్త టైరే!

చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. పాత ప్రింటు చూసి, వేలితో రెండు గడులు చూపించి, "ఇవి ఖాళీగా ఉన్నాయేంటి బాబూ?" అన్నాడు. క్యాస్టర్, ఎస్‌ఏఐ గడులవి. స్టీరింగ్ తిప్పితే చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో, ఆ గీత ముందువెనకలకి ఎంత వాలిందో క్యాస్టర్ చెప్తుంది, కారు లోపలికి ఎంత వాలిందో ఎస్‌ఏఐ చెప్తుంది. బ్రేకు పెడల్‌కి కర్ర ఊతం పెట్టి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పితేనే మిషన్ ఆ లెక్కలు చూపిస్తుంది. అయిదు నిమిషాల పని, నాకు ఎగ్గొట్టేశారు. ఆయన తిప్పి చూశాడు. ఎడమ ఎస్‌ఏఐ 14 డిగ్రీల 4 నిమిషాలు, కుడి 12 డిగ్రీల 56. వీటికి మొదటి ప్రింటులోని క్యాంబర్ కలపండి: రెండు పక్కలా సరిగ్గా 13 వస్తుంది. "కూడిక కలిసిందంటే షాకబ్జరూ, చక్రాన్ని పట్టుకునే నకిలూ వంగలేదు. రెండు చక్రాలూ ఒకే వైపుకి జరిగాయి. ఈమధ్య క్లచ్ పని చేయించావా?"

నాకు నోట మాట రాలేదు. క్లచ్‌కి గేరుబాక్సు దింపేటప్పుడు సబ్‌ఫ్రేమ్, అదే క్రాస్ మెంబర్, అంటే ఇంజను కింద అడ్డంగా ఉండే ఇనుప చట్రం, ఊడదీశారు. తిరిగి ఎక్కించేటప్పుడు గుర్తు చూసుకోలేదు. చక్రాల అడుగుల్ని పట్టుకునే లోయర్ ఆర్ములు దానికే ఉంటాయి కాబట్టి రెండు చక్రాల అడుగులూ ఎడమకి జరిగాయి. లైటు వేసి చూపించాడు, వాషరు పక్కన పాత వాషరు ముద్ర నెలవంకలా మెరుస్తోంది. అర సెంటీమీటరు పైనే తేడా. బోల్టులు వదులు చేసి, గడ్డపలుగుతో ముద్ర మీదికి జరిపి బిగించాడు. అరగదీసిన కన్నం ఉన్న షాకబ్జర్ మాత్రం మార్చక తప్పలేదు. తర్వాత క్యాంబర్ కొలిస్తే మైనస్ 28, మైనస్ 32 నిమిషాలు. చివర్లో టో. నా మొదటి షాపులో టో ముందు పెట్టి క్యాంబర్ తర్వాత తిప్పారని ఆయన చెప్తే తెలిసింది.

కాబట్టి ర్యాంపు దగ్గర నిలబడి చూడండి. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి కొలవకుండానే బోల్టు మాట ఎత్తితే కిందికి దించమనండి. క్యాంబర్, ఎస్‌ఏఐల కూడిక రెండు పక్కలా కలవకపోతే ఏదో వంగినట్టు, అప్పుడు ఆ వంగినది మార్చాలి. షాకబ్జర్‌కి జాకీ పెట్టి వంచుతామంటే అసలు ఒప్పుకోకండి, లోపలి రాడ్డు పట్టేసి ఆయిలు కారుతుంది. వెనక టోర్షన్ బీమ్ (వెనక చక్రాలు రెండిటినీ కలిపే ఒకే దూలం) ఉన్న కారుకి "నాలుగు చక్రాల క్యాంబర్ సెట్టింగ్" అని బిల్లు వేస్తే, వెనక ఏ బోల్టు తిప్పారో చూపించమనండి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళు డబ్బు ఇవ్వకముందే ఈ ప్రింటు తీయించుకుంటే, రంగు వేసి దాచిన దెబ్బలు కొన్ని అందులో బయటపడతాయి.

రెండు ప్రింట్లూ పట్టుకుని మొదటి షాపుకి వెళ్ళాను. గొడవ పడ్డాక పదహారు వందలు వెనక్కి ఇచ్చారు, టైరు సంగతి మాకు సంబంధం లేదన్నారు. నా కారుతో వచ్చిన అసలు బోల్టు ఏదయ్యా అంటే, మూలనున్న స్క్రాపు డబ్బా చూపించి వెతుక్కోమన్నాడు. అరగంట వెతికాను. దొరకలేదు.