కాల్ వెళ్లడం తేలికే, ఫోన్ మోగడమే కష్టం: మొబైల్‌లో సిప్ కాలింగ్ చాలాకాలం వాడాక

వాట్సాప్ కాల్ కూడా ఇంటర్నెట్ కాలే కదా, మళ్లీ ఈ సిప్ గొడవ దేనికి అని అడిగేవాళ్లు చాలామంది. వాట్సాప్ నుంచి వాట్సాప్‌కే కాల్ వెళుతుంది. సిప్ అంటే ఇంటర్నెట్ మీద కాల్స్ కలపడానికి అందరూ వాడుకోగల ప్రమాణం, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఒకరి దగ్గర ఖాతా తీసుకుని, ఇంకొకరి యాప్‌లో పెట్టుకుని, మరొకరు తయారుచేసిన టేబుల్ ఫోన్‌కి కాల్ చేయొచ్చు. మామూలు నంబర్లకు కలిపే సర్వీసు తీసుకుంటే ల్యాండ్‌లైన్లకూ మొబైళ్లకూ వెళుతుంది. ఆఫీసు ఎక్స్‌టెన్షన్ జేబులో ఉండాలన్నది నా అవసరం, అందుకే దీన్ని పట్టుకుని చాలాకాలంగా వేలాడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: కాల్ చేయడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, అందుకోవడానికి మాత్రం బాగా మచ్చిక చేసుకోవాలి.

2010లో వచ్చిన ఆండ్రాయిడ్ 2.3 నుంచి సిప్ ఖాతా పెట్టుకునే వీలు ఆండ్రాయిడ్‌లోనే ఉండేది. ఆండ్రాయిడ్ 12తో గూగుల్ దాన్ని పక్కన పెట్టేసింది. కాబట్టి ఇప్పుడు విడిగా యాప్ కావాలి. లిన్‌ఫోన్, జోయిపర్ లాంటివి ఎక్కువమంది వాడతారు. నేను వాడేది లిన్‌ఫోన్. ఓపెన్ సోర్స్, 2001 నుంచీ ఉంది, సెట్టింగులు కాస్త ఎక్కువే కానీ దేన్నీ దాచదు.

సెటప్‌కి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, డొమైన్ చాలు. కొన్ని సర్వీసులు లాగిన్ కోసం వేరే ఐడీ ఇస్తాయి. దాన్ని ఆథ్ ఐడీ గడిలో వేయకపోతే పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా రిజిస్టర్ కాదు, అంటే సర్వీసువాళ్ల సర్వర్‌కు ఖాతా కలవదు. సందేశాలు ఏ పద్ధతిలో వెళ్లాలో చెప్పే ట్రాన్స్‌పోర్ట్ అనే చోట మామూలుగా యూడీపీ, 5060 పోర్టు ఉంటాయి. మీ సర్వర్ ఒప్పుకుంటే, సందేశాలను గుప్తీకరించి పంపే టీఎల్ఎస్, 5061కి మార్చేయండి. అలాగని టీఎల్ఎస్ పెట్టగానే మాటలు రహస్యమైపోవు. ఎవరు ఎవరికి కాల్ చేస్తున్నారన్న సందేశాలకే అది ముసుగు. మాటలకు ఎస్ఆర్‌టీపీ అనే గుప్తీకరణ విడిగా ఆన్ చేయాలి, అవతలి వైపూ అది ఉండాలి.

యాప్ లాగ్ (సర్వర్‌తో నడిచిన సందేశాల చిట్టా) తెరవగానే 401 అనే కోడ్ కనిపించి కొత్తవాళ్లకు టెన్షన్ పుడుతుంది. సర్వర్ పాస్‌వర్డ్ అడిగే పద్ధతే అది, వెనకాలే 200 వచ్చిందంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. 403 అంటే సర్వర్ మనల్ని రానివ్వనంటోంది. 408 అంటే జవాబే రాలేదు, ముందు డొమైన్, పోర్టు చూసుకోండి. కాల్ చేసినప్పుడు 488 వస్తే దాదాపు ఎప్పుడూ రెండు వైపులా కోడెక్‌లు (మాటను డేటాగా మార్చే పద్ధతులు) కుదరకపోవడమే.

ఇక టెస్టింగ్. చాలా సర్వీసులు ఎకో టెస్ట్ నంబర్ ఇస్తాయి. మనం మాట్లాడింది సర్వర్ దాకా వెళ్లి మనకే తిరిగి వినిపిస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. రెండు అనకముందే ఒకటి తిరిగొచ్చేస్తే బాగున్నట్టు. మూడు అన్నాక వస్తుంటే ఎవరితో మాట్లాడినా మాట మీద మాట పడుతుంది. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిదని, 400 దాటకూడదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫార్సు. ఈ టెస్టు ఎవరూ నెట్ వాడని వేళ చేస్తే మాత్రం ఏమీ తెలియదు. పక్క ఫోన్‌లో ఫొటోల బ్యాకప్ నడిపిస్తూ చేయండి. అప్‌లోడ్ నిండిపోగానే మాట ముక్కలు కావడం మొదలవుతుంది. స్పీడ్ టెస్ట్‌లో వందల ఎంబీపీఎస్ చూపించినా ఇక్కడ ఒరిగేదేమీ లేదు. జీ.711 కోడెక్‌కి ఒక్కో వైపు కావలసింది దాదాపు 80 కేబీపీఎస్ మాత్రమే. కానీ సెకనుకు 50 ప్యాకెట్లు, ఒక్కోదాంట్లో 20 మిల్లీసెకన్ల మాట, అవన్నీ వేళకు చేరాలి. ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్, రాని ప్యాకెట్ రెండూ ఒకటే.

కోడెక్ సంగతికొస్తే, యాప్ నుంచి యాప్‌కి చేసే కాల్స్ కోసం కోడెక్‌ల జాబితాలో ఓపస్‌ను పైన పెట్టండి. జీ.711తో రెండు వైపులా కలిపి నిమిషానికి 1.2 ఎంబీ దాకా ఖర్చయితే, 24 కేబీపీఎస్ ఓపస్‌కి అందులో సగం సరిపోతుంది. పైగా గొంతు మనిషి గొంతులా ఉంటుంది. మామూలు నంబర్లకు చేసే కాల్స్‌లో ఈ సుఖం సాధారణంగా ఉండదు, అటువైపు పాత ఫోన్ నాణ్యతే కాబట్టి.

కాల్ కలిసి, మనకు వినిపిస్తూ అవతలివాళ్లకు వినపడకపోయినా, లేక వాళ్లకు వినిపిస్తూ మనకు వినపడకపోయినా, యాప్‌ను తిట్టుకోకండి. ముందు రూటర్ సెట్టింగుల్లో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయం ఉందేమో చూసి ఆపేయండి. సాయం చేస్తానంటూ మధ్యలో దూరి సందేశాల్లోని చిరునామాలు మార్చేస్తుంది. మేలు చేయకపోగా కీడే ఎక్కువ. అదీ పని చేయకపోతే, మన బయటి చిరునామానూ మాటలకు దారినీ కనుక్కునే స్టన్, ఐస్‌లను యాప్‌లో ఆన్ చేసి చూడండి. టీఎల్ఎస్ పెడితే ఈ ఏఎల్‌జీకి సందేశం చదవడమే కుదరదు. నేను టీఎల్ఎస్‌ను ఇష్టపడటానికి సగం కారణం ఇదే.

అసలు కష్టమంతా వచ్చే కాల్స్ దగ్గర. యాప్ తెరిచి ఉంచి, పక్క ఫోన్ నుంచి కాల్ చేసి, మోగింది కదా అని సంబరపడటం టెస్టింగ్ కాదు. మన ఫోన్ ఫలానా చిరునామాలో ఉందని సర్వర్ దగ్గర రాసి ఉంటుంది, రూటర్ ఆ దారిని కాసేపే తెరిచి ఉంచుతుంది. యూడీపీ అయితే కొన్ని రూటర్లలో అర నిమిషానికే మూసుకుపోతుంది. టీసీపీ అనే మరో ట్రాన్స్‌పోర్ట్, టీఎల్ఎస్ తెరిచిన దారులు ఎక్కువసేపు నిలుస్తాయి. ఆపైన ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ అనే బ్యాటరీ పొదుపు ఏర్పాటు వచ్చింది. ఫోన్ కదలకుండా, స్క్రీన్ ఆరి ఉంటే యాప్‌లకు నెట్ ఆపేస్తుంది. దీనికి తోడు కొన్ని ఫోన్ల కంపెనీలు సొంత బ్యాటరీ సేవర్లు పెట్టి, వెనకాల నడిచే యాప్‌ను నిర్దాక్షిణ్యంగా చంపేస్తాయి. సర్వర్‌లో రిజిస్టర్ అయినట్టే కనిపిస్తుంది, అవతలివాళ్లకు రింగ్ వినిపిస్తుంది, మన ఫోన్ మాత్రం మౌనం. నాకిలా ఎన్ని కాల్స్ పోయాయో, వాటికి ఎన్ని సంజాయిషీలు చెప్పానో!

దీనికి సరైన మందు పుష్ నోటిఫికేషన్. కాల్ రాగానే సర్వర్ ముందు ఫోన్‌ను నిద్రలేపి, తర్వాత కాల్ పంపుతుంది. సిప్‌లో దీని కోసం 2019లో ఆర్‌ఎఫ్‌సీ 8599 అనే ప్రమాణం కూడా వచ్చింది. కానీ యాప్ ఒక్కటే మద్దతిస్తే చాలదు, సర్వర్ కూడా ఇవ్వాలి. ఖాతా తీసుకునే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, రేట్లు తర్వాత. పుష్ లేకపోతే బ్యాటరీ సెట్టింగుల్లో యాప్‌కు మినహాయింపు ఇచ్చి, నిత్యం వెనకాల నడవనివ్వాలి. చార్జింగ్ కాస్త తొందరగా దిగుతుంది, తప్పదు. ఐఫోన్‌లో ఆ దారి కూడా లేదు, పుష్ ఉండాల్సిందే. అయితే పుష్ ఉన్నప్పుడు, ఆపిల్ ఇచ్చే కాల్‌కిట్ అనే ఏర్పాటు వల్ల మామూలు కాల్ లాగే లాక్ స్క్రీన్ మీద మోగుతుంది, అది నాకు నచ్చింది.

టెస్ట్ ఇలా చేయండి: రాత్రి యాప్ మూసి, చార్జర్ తీసేసి, ఫోన్‌ను టేబుల్ మీద పడేసి పడుకోండి. పొద్దున స్క్రీన్ ముట్టుకోకుండా ఇంకో ఫోన్ నుంచి కాల్ చేయండి. ఒక రాత్రి వైఫై మీద ఉంచి, ఇంకో రాత్రి మొబైల్ డేటా మీద ఉంచి. రెండుసార్లూ మోగితేనే ఆ నంబర్ నలుగురికీ ఇవ్వండి.

బ్యాంకు మెనూల్లో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అన్నప్పుడు అంకెలు వెళ్లకపోతే, యాప్‌లో డీటీఎంఎఫ్ (నొక్కిన అంకెలను పంపే పద్ధతి) సెట్టింగ్‌ను ఆర్‌ఎఫ్‌సీ 2833కి మార్చితే సాధారణంగా సరిపోతుంది. అత్యవసర నంబర్లకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, చాలా సర్వీసులు అక్కడికి కాల్ కలపవు, కలిపినా మీరెక్కడున్నారో సరిగా చెప్పలేకపోవచ్చు. సిమ్ ఉండాల్సిందే.

నాకు ఇప్పటికీ తీరని బాధ ఒకటుంది. మాట్లాడుతూ వైఫై దాటి బయటికి నడిస్తే చిరునామా మారిపోయి గొంతు ఆగిపోతుంది. కొన్నిసార్లు రెండు మూడు సెకన్లలో మళ్లీ అందుకుంటుంది, కొన్నిసార్లు హలో హలో అనుకుంటూ పెట్టేయడమే. మామూలు మొబైల్ వైఫై కాలింగ్ ఈ విషయంలో చాలా నయం. అందుకే మాట్లాడుతూ బయటికి వెళ్లాల్సి వస్తుందనిపిస్తే ముందే వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీదే కాల్ మొదలుపెడుతున్నాను.