56 నుంచి 54.4 దాకా: బ్రేక్ బయాస్‌తో మూడేళ్లు

"అన్నా, బయాస్ ఎంత పెట్టాలి?" సిమ్ రేసింగ్ (కంప్యూటర్‌లో స్టీరింగ్, పెడల్స్‌తో ఆడే కారు రేసులు) కొత్తగా మొదలుపెట్టిన తమ్ముళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. మూడేళ్ల కింద నేనూ ఇదే అడిగాను. ఒకరు ఒక అంకె చెప్పారు, పెట్టుకున్నాను, కారు మలుపు తిరగలేదు. ఇంకొకరు ఇంకో అంకె చెప్పారు, ఈసారి బ్రేక్ మీద కాలు పెట్టగానే కారు గిర్రున తిరిగి గోడకి కొట్టుకుంది. వారానికి నాలుగు రాత్రుల చొప్పున మూడేళ్లు నడిపాక ఆ ఒక్క సెట్టింగ్ గురించి నాకు అర్థమైంది రాస్తున్నాను. నేను ఎక్కువగా నడిపేది అసెట్టో కోర్సా కాంపిటిజియోనే అనే గేమ్‌లో జీటీ3 కార్లు (రోడ్డు కార్ల ఆధారంగా చేసే రేసు కార్లు). నేర్చుకోవడానికి మాత్రం పాత అసెట్టో కోర్సాకే వెళ్తుంటాను. ఎందుకో తర్వాత చెప్తాను.

బయాస్ 56 అని తెర మీద కనిపిస్తే బ్రేక్ బలంలో 56 శాతం ముందు చక్రాలకు, మిగతా 44 శాతం వెనక చక్రాలకు పోతోందని అర్థం. బ్రేక్ వేయగానే కారు బరువు ముందుకు వాలుతుంది. సిటీ బస్సులో నిలబడ్డప్పుడు డ్రైవర్ గట్టిగా బ్రేక్ వేస్తే మనం ముందుకు తూలినట్టే. ముందు టైర్లు రోడ్డుకి అదుముకుంటాయి, వెనక టైర్లు తేలికవుతాయి. అందుకే చాలా కార్లలో సగానికి పైగా ముందుకే ఇస్తారు. ముందుకి మరీ ఎక్కువిస్తే ముందు చక్రాలు లాక్ అయి (తిరగడం ఆగిపోయి), స్టీరింగ్ ఎంత తిప్పినా కారు తిన్నగానే పోతుంది. వెనక్కి ఎక్కువిస్తే వెనక చక్రాలు లాక్ అయి కారు తోక పక్కకి వచ్చేస్తుంది.

మా నాన్న ఇరవై ఏళ్లు స్కూటర్ నడిపారు. ముందు బ్రేక్ ముట్టుకోవద్దు, పడిపోతావు అని నాకు నేర్పింది ఆయనే. కాలేజీ రోజుల్లో ఒక తొలకరి వానకి కేపీహెచ్‌బీ రోడ్డు మీద వెనక బ్రేక్ ఒక్కటే తొక్కి బండితో సహా అడ్డంగా జారిపోయాను. వెనక చక్రం ఆగిపోయిందని ఆ రోజు కళ్ల కంటే ముందు నా నడుముకి తెలిసింది. సిమ్‌లో ఆ నడుము లేదు. సీటు కదలదు. వెనక జారుతోందని కన్ను చెప్పాలి, చెవి చెప్పాలి, స్టీరింగ్ బరువు చెప్పాలి. ఈ మూడూ చెప్పేసరికి కొంత ఆలస్యమవుతుంది. అందుకే వెనక చక్రాలు లాక్ అయ్యే అంచు దాకా బయాస్‌ని తీసుకెళ్లొద్దు, ఒకటి రెండు క్లిక్కులు (బయాస్ మార్చే చిన్న మెట్లు) ముందే ఆపాలి అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మొదటి ఏడాది నా దగ్గర స్టీరింగ్‌తో పాటు వచ్చిన మామూలు పెడల్స్ ఉండేవి. వాటిలో పొటెన్షియోమీటర్ ఉంటుంది, పెడల్ ఎంత దూరం కదిలిందో అదే కొలుస్తుంది. నా కాలికి దూరం గుర్తుండదు. ఒక ల్యాప్‌లో 80 శాతం తొక్కుతాను, తర్వాతి ల్యాప్‌లో 95. అలాంటప్పుడు బయాస్‌ని 0.4 మారిస్తే తేడా ఎక్కడ తెలుస్తుంది? ఆ ఏడాది నేను బయాస్ మార్చిన ప్రతిసారీ నా కాలి తప్పుని కారు మీద రుద్దాను. ఇది ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మామూలు పెడల్స్‌తో బయాస్ మీద గంటలు గంటలు పెట్టేవాళ్లని ఇప్పటికీ చూస్తున్నాను. వాళ్ల కష్టం చూస్తే బాధేస్తుంది.

తర్వాత లోడ్ సెల్ బ్రేక్ కొన్నాను. అది దూరాన్ని కాదు, కాలి బలాన్ని కొలుస్తుంది. బలం కండరానికి గుర్తుంటుంది. కానీ మామూలు కుర్చీ, టేబుల్‌తో దాన్ని వాడలేం. తొక్కిన ప్రతిసారీ కుర్చీ వెనక్కి జరిగింది. బాలానగర్‌లో ఒక వెల్డింగ్ షాపులో ఇనుప చదరపు పైపుతో ఫ్రేమ్ చేయించాను. "ఇంత దళసరి పైపు దేనికన్నా, గేటుకా?" అని అడిగాడు అక్కడి వెల్డర్. బ్రేక్ తొక్కడానికని చెప్తే, పెడల్స్ బిగించే పట్టీ మీద తనే ఎక్కి నిలబడి చూశాడు. "ఊగుతది అన్నా, రెండు దిక్కుల ముక్కోణం పట్టీ ఏస్త" అన్నాడు. ఆ రెండు పట్టీలు లేకపోతే లోడ్ సెల్ కొన్న డబ్బు సగం వృథా అయ్యేది. ఫ్రేమ్ ఊగితే కాలి బలంలో కొంత ఆ ఊగుడుకే పోతుంది. ఎంత పోతుందో ప్రతిసారీ మారుతుంది కూడా.

పెడల్ గురించి ఒక ఫిర్యాదు ఉంది. పద్నాలుగో నెలలో కాలు పెట్టకపోయినా బ్రేక్ రెండు మూడు శాతం చూపించడం మొదలైంది. రెండు మూడు శాతమే కదా అనిపిస్తుంది, కానీ స్ట్రెయిట్‌లో కారు బ్రేకులు రాసుకుంటూ పోతుంటే వేడెక్కుతాయి, వేగం రాదు. అమ్మినవాళ్లకి రాస్తే మూడు వారాలు జవాబే లేదు. చివరికి నేనే విప్పి చూశాను. లోడ్ సెల్ నుంచి బోర్డుకి వెళ్లే సన్నటి వైర్ దగ్గర టంకం వదిలింది. మళ్లీ టంకం పెట్టాక సరిపోయింది. అప్పటి నుంచి నెలకోసారి కాలిబ్రేషన్ తెర తెరిచి, కాలు తీసేశాక గీత సున్నాకి వస్తోందా లేదా చూస్తున్నాను.

బయాస్‌ని నిజంగా నేర్పింది పాత అసెట్టో కోర్సాలో ఉండే టాటూస్ ఫార్ములా కారు. దానికి ఏబీఎస్ (చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) లేదు. ఇటలీలోని మోంజా ట్రాక్‌లో మొదటి షికేన్ (వెంటవెంటనే వచ్చే ఎదురెదురు మలుపులు) ముందు పొడవాటి స్ట్రెయిట్ చివర, స్టీరింగ్ తిన్నగా ఉంచి ఒకే బలంతో బ్రేక్ తొక్కుతూ పోయాను. ముందు చక్రం లాక్ అయితే స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది, టైరు కీచుమంటుంది, కారు మాత్రం వంకర పోదు. వెనక చక్రం లాక్ అయితే స్టీరింగ్ బరువు అలాగే ఉంటుంది, కానీ తెరలో దారి మెల్లగా పక్కకి జరగడం మొదలవుతుంది. ఈ రెంటి తేడా కళ్లు మూసుకున్నా చెప్పగలిగేదాకా రెండు వారాలు అదే స్ట్రెయిట్, అదే షికేన్. బయాస్‌ని కావాలనే తప్పుగా పెట్టుకుని నడిపాను. ఒక రోజంతా ముందుకి, ఒక రోజంతా వెనక్కి. దీన్ని మించిన అభ్యాసం నాకు ఇంకోటి దొరకలేదు.

అక్కడే ఇంకో సంగతి తెలిసింది. నా స్పిన్‌లలో (కారు గిర్రున తిరిగిపోవడం) చాలావాటికి కారణం బయాస్ కాదు, గేర్లు. బ్రేక్ తొక్కుతూ ఐదు నుంచి రెండుకి టకటకా దించేస్తే ఇంజిన్ కూడా వెనక చక్రాలని పట్టి ఆపుతుంది. వెనక చక్రాలకి ఇంజిన్ బలం అందే కారులో ఇంజిన్ బ్రేకింగ్ అంటే వెనక బ్రేకే. తెర మీది 56లో ఆ లెక్క ఉండదు. నేను వెనక జారుతోందని బయాస్‌ని ముందుకి జరిపేవాణ్ణి, దాంతో మలుపులో కారు తిరిగేది కాదు, తిరగట్లేదని ఇంకేదో మార్చేవాణ్ణి. ఒక్కో గేరుకీ చిన్న వ్యవధి ఇచ్చి, ఇంజిన్ చప్పుడు కాస్త తగ్గాకే తర్వాతది దించడం అలవాటు చేసుకున్నాక బయాస్‌ని రెండు శాతం పైగా వెనక్కి తేగలిగాను. కారు మారలేదు, చెయ్యి మారింది.

జీటీ3కి వచ్చాక కొందరంటారు, ఏబీఎస్ ఉంది కదా, ఇంక బయాస్ ఎందుకని. ఏబీఎస్ చక్రాన్ని లాక్ కానివ్వదు, అంతవరకే. టైరుకి ఉన్న పట్టు ఒకటే. అందులో ఎక్కువ బ్రేక్‌కే ఖర్చయితే మలుపు తిరగడానికి మిగిలేది తక్కువ. బయాస్ ముందుకి ఎక్కువున్నప్పుడు ఏబీఎస్ త్వరగా అందుకుని గరగరమంటుంది, కారు మలుపు బయటికి జారుతుంది. రెండు మూడు క్లిక్కులు వెనక్కి తెస్తే, బ్రేక్‌ని మెల్లగా వదులుతూ మలుపులోకి వెళ్తున్నప్పుడు ముక్కు లోపలికి వాలుతుంది. ఇలా బ్రేక్ వదులుతూ తిరగడాన్నే ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు, అది రానివాళ్లకి ఈ మార్పు వల్ల లాభం తక్కువ. మలుపులోకి దిగేలోపే బ్రేక్ పూర్తిగా వదిలేసేవాళ్లకి, మలుపు మధ్యలో కారు తిరగకపోతే ఆ తప్పు బయాస్‌ది కాదు. అక్కడ యాంటీ రోల్ బార్లు (మలుపులో కారు పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీలు), టైరు ప్రెషర్ చూడాలి.

ఒక కారు అంకె ఇంకో కారుకి పనికిరాదు. పోర్షే 911 జీటీ3 ఆర్‌లో ఇంజిన్ వెనక ఇరుసు దాటి ఉంటుంది. వెనక అంత బరువున్నప్పుడు వెనక బ్రేకులు ఎక్కువ పని చేయగలవు, అందుకే దాని బయాస్ ముందు ఇంజిన్ కార్ల కంటే బాగా తక్కువ. నేను ముందు ఇంజిన్ కారు నుంచి దానికి మారిన రాత్రి పాత అంకె దగ్గరే మొదలుపెట్టి, ఈ కారు తిరగదని నిర్ణయించేసుకున్నాను. పొరపాటు.

రేసు మధ్యలో బయాస్ మార్చడం నాకు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. కీబోర్డు మీద మీట వెతుక్కుంటే కుదరదు. కోఠీ గుజరాతీ గల్లీలో ఒక రోటరీ ఎన్‌కోడర్ (తిప్పితే క్లిక్కులు లెక్కపెట్టే భాగం), ఆర్డుయినో ప్రో మైక్రో అనే చిన్న సర్క్యూట్ బోర్డు కొని, ఎడమ చేతికి అందేలా నాబ్ బిగించుకున్నాను. ఆ బోర్డుని కంప్యూటర్ జాయ్‌స్టిక్‌లా గుర్తిస్తుంది. మొదట కొన్న చవక ఎన్‌కోడర్ ఒక క్లిక్ తిప్పితే ఒకోసారి రెండు లెక్కపెట్టేది, దాన్ని తీసేసి క్లిక్కు గట్టిగా తెలిసేది పెట్టాను. నా కారులో ఒక్కో క్లిక్కుకి 0.2 శాతం. బెల్జియంలోని స్పా ట్రాక్‌లో రివాజ్ దిగుడు మలుపు ముందు రెండు క్లిక్కులు ముందుకి తిప్పుతాను. దిగుడులో బ్రేక్ వేస్తే వెనక ఇంకా తేలికవుతుంది. ఆ తర్వాత మళ్లీ వెనక్కి. ఏడు కిలోమీటర్ల ల్యాప్ కాబట్టి చేతికి తీరిక దొరుకుతుంది. మోంజాలో మలుపు మలుపుకీ తిప్పను, టైర్లు అరిగే కొద్దీ పది పదిహేను నిమిషాలకోసారి చూసుకుంటాను.

వాన పడితే చాలామంది భయంతో బయాస్‌ని ముందుకి జరుపుతారు. నేనూ జరిపేవాణ్ణి. తడి రోడ్డు మీద పట్టు తక్కువ కాబట్టి అంత గట్టిగా బ్రేక్ వేయలేం, కాబట్టి బరువు కూడా అంతగా ముందుకి వాలదు. వెనక టైర్ల మీద పొడి రోడ్డు కంటే ఎక్కువ బరువు మిగులుతుంది. లెక్క ప్రకారం బయాస్ కొంచెం వెనక్కే రావాలి. నాకు తడిలో మూడు నాలుగు క్లిక్కులు వెనక్కి తెచ్చాకే కారు ఆగడం మొదలైంది. గేర్లు మాత్రం ఇంకా నెమ్మదిగా దించాలి.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ (కరెంటు కార్ల) రేసు జరిగినప్పుడు నేను స్టాండ్స్‌లో ఉన్నాను. జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. అందరూ ఓవర్‌టేక్‌ల కోసం చూస్తుంటే నేను బ్రేకింగ్ జోన్ దగ్గర ముందు చక్రాలనే చూస్తూ కూర్చున్నాను. ఆ జెన్3 (మూడో తరం) కార్లకి రేసులో వాడే మామూలు హైడ్రాలిక్ బ్రేకులు వెనక చక్రాలకు లేవు, వెనక వేగాన్ని తగ్గించేది మోటారే, ఆ శక్తి కరెంటై బ్యాటరీకి పోతుంది. ముందూ వెనకా ఎంతెంత ఆపాలో పంచే పని కంప్యూటర్‌దైనా, లాక్ అయిన టైరు నుంచి లేచే పొగ మాత్రం నా గదిలో రోజూ చూసేదే. మన ఊరి రోడ్డు మీద అది చూసిన సంతోషం ఇంకా పోలేదు. 2024 రేసు రద్దయినప్పుడు చాలా బాధపడ్డాను.

ఈ మూడేళ్లలో బయాస్ నాకు సెకన్లు సెకన్లు తెచ్చిపెట్టలేదు. నా మంచి ల్యాప్‌కీ మామూలు ల్యాప్‌కీ మధ్య తేడా తగ్గింది. అరగంట రేసులో ఒకటి రెండు స్పిన్‌లు ఉండే చోట ఇప్పుడు చాలా రేసులు స్పిన్ లేకుండా ముగుస్తున్నాయి. డబ్బు పెట్టాలంటే ముందు ఊగని ఫ్రేమ్‌కి, తర్వాత లోడ్ సెల్‌కి పెట్టండి, ఖరీదైన స్టీరింగ్ ఆ తర్వాతే. మామూలు పెడల్స్ ఉన్నవాళ్లు బ్రేక్ వెనక గట్టి రబ్బరు ముక్క పెట్టినా కాలికి కొంత బలం తెలుస్తుంది, ఆర్నెల్లు నేను అలాగే నడిపాను. అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఫ్రేమ్ కింద దళసరి రబ్బరు మ్యాట్ వేయండి. బ్రేక్ దెబ్బ కింది ఇంటి పైకప్పుకి తెలుస్తుంది, కింది ఫ్లాట్ ఆంటీ వచ్చి చెప్పేదాకా నాకు ఆ సంగతే తెలియదు.

ఇప్పుడు నా లోడ్ సెల్ 45 కిలోల దగ్గర వంద శాతం చూపేలా పెట్టి ఉంది. ముందు ఇంజిన్ కారులో పొడి ట్రాక్ మీద 56 దగ్గర మొదలుపెట్టి, టైర్లు వేడెక్కాక క్లిక్కు క్లిక్కుగా తెచ్చి 54.4 దగ్గర ఆగుతున్నాను. బయాస్ ఎంత అని తమ్ముళ్లు అడిగితే ఇప్పుడు ముందు నేనే అడుగుతున్నాను, మీ పెడల్ ఏది, ఎన్ని కిలోలకి పెట్టారు, గేర్లు ఎప్పుడు దించుతున్నారు అని.