నాలుగేళ్లుగా వాడుతున్న బ్లూటూత్ స్పీకర్: ఛార్జింగ్ ఎక్కడ పోతోందో తెలిశాక

ఈ స్పీకర్ కొని నాలుగేళ్లు దాటింది. డబ్బా మీద 12 గంటలు అని రాసి ఉన్నా, కొత్తలో నాకు 5 గంటలు కూడా వచ్చేది కాదు. బ్యాటరీలోనే లోపం ఉందనుకుని తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను. ఇంత పాతబడ్డాక అదే స్పీకర్ ఇప్పుడు 9 గంటలు పాడుతోంది. మారింది నేను వాడే పద్ధతి ఒక్కటే.

డబ్బా మీద రాసే గంటలు సాధారణంగా సగం వాల్యూమ్ దగ్గర లెక్కగట్టినవి. నేనేమో ఎప్పుడూ చివరిదాకా పెంచి వినేవాణ్ణి. శబ్దం 3 డెసిబెల్స్ పెరగాలంటే రెట్టింపు పవర్ కావాలి. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల పవర్! ఆ చివరి రెండు మూడు మెట్ల వాల్యూమే నా ఛార్జింగ్ అంతా తాగేసేది.

అందుకే వాల్యూమ్ తగ్గించి, స్పీకర్ చోటు మార్చాను. గది మధ్యలో టీపాయ్ మీద ఉండేదాన్ని గోడ మూలకు జరిపాను. గోడలు బేస్‌ని, అంటే లోతైన స్వరాలని, ముందుకు తోస్తాయి కాబట్టి తక్కువ వాల్యూమ్‌లోనే నిండుగా వినిపిస్తోంది. మరీ మూలకు ఆనిస్తే మాత్రం శబ్దం గుమ్మని మోగుతున్నట్టు ఉంటుంది. జానెడు దూరం వదిలితే బాగుంది.

బేస్ పెంచే బటన్ కూడా ఇప్పుడు చాలావరకు ఆఫ్‌లోనే ఉంటుంది. చిన్న స్పీకర్ లోతైన స్వరాలు పలకాలంటే చాలా కష్టపడాలి, పవర్ ఎక్కువగా పోయేది అక్కడే. వార్తలు, మాటల కార్యక్రమాలకు ఆ బటన్‌తో పనే లేదు. రంగురంగుల లైట్లూ ఆపేశాను. తక్కువ వాల్యూమ్‌లో వినేవాళ్లకు ఛార్జింగ్‌లో ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఇవి ఒక్కరోజు ఛార్జింగ్‌ని కాపాడతాయి. బ్యాటరీ ఆయుష్షు వేరే సంగతి. దీనికి ముందున్న నా పాత స్పీకర్‌ని ఛార్జింగ్ పూర్తిగా అయిపోయాక అలమరలో పెట్టి నెలల తరబడి మర్చిపోయాను. తీసి చూస్తే ఛార్జింగే ఎక్కలేదు. చాలా బాధేసింది. లిథియం అయాన్ బ్యాటరీ ఊరికే ఉన్నా కొద్దికొద్దిగా దిగిపోతుంది. వోల్టేజ్ మరీ పడిపోతే లోపలున్న రక్షణ సర్క్యూట్ మళ్లీ ఛార్జ్ కానివ్వకపోవచ్చు. ఇప్పుడు ఊరెళ్లే ముందు సగం ఛార్జింగ్ ఉంచి ఆఫ్ చేసి పెడుతున్నాను. ఎక్కువ కాలం వాడకపోతే రెండు మూడు నెలలకోసారి చూస్తాను.

వేడి ఇంకో శత్రువు. ఎండలో ఆగి ఉన్న కారులో స్పీకర్‌ని అస్సలు వదలను. ఎండలో వాడి తెచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టను, చల్లారనిస్తాను. ఛార్జ్ అవుతుండగా గట్టిగా పాటలు పెట్టడం మానేశాను, ఎందుకంటే అప్పుడు ముట్టుకుంటేనే వెచ్చగా తగిలేది. రోజూ నూరు శాతం నింపాలన్న పట్టింపు కూడా లేదు. స్పీకర్ ఛార్జింగ్ 80 శాతమని ఫోన్‌లో చూపించగానే తీసేస్తాను. బయటికి తీసుకెళ్లే రోజే పూర్తిగా నింపుతాను.

ఈ స్పీకర్ మీద నా ఫిర్యాదు ఒక్కటే: బ్యాటరీని లోపలే బిగించేశారు. మనంతట మనం మార్చుకోలేం. ధ్వని, దృఢత్వం రెండూ నాకు నచ్చాయి, కానీ కొత్తది కొనాల్సి వస్తే ముందు బ్యాటరీ మార్చుకునే వీలుందా అని అడుగుతాను. మీ స్పీకర్ ఎక్కడైనా ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం వెంటనే వాడటం ఆపేయండి, ఛార్జింగ్ అసలే పెట్టకండి.