ట్యూబ్‌లైటు వేగం 6,000: లేజర్ ట్యాకోమీటర్‌తో నాలుగేళ్లు

మా మోటార్ల రివైండింగ్ షాపుకు చేతిలో పట్టే లేజర్ ట్యాకోమీటర్ (మెరుపులు లెక్కపెట్టి, తిరిగే వేగం చెప్పే పరికరం) కొని నాలుగేళ్లయింది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, పక్కన ఒక మీట, ఐదంకెల తెర. షాఫ్టు చివర మొన ఆనించి కొలిచే పాతదానితో పోలిస్తే చేతికి భద్రం. షాఫ్టు మీద గోరంత మెరుపు టేపు అంటించి, జానెడు దూరం నుంచి ఎర్రచుక్క దాని మీద పడేలా పట్టుకుంటే చాలు.

కొన్న రెండో రోజే ఇది నాకు చెమటలు పట్టించింది. అప్పుడే చుట్టి బిగించిన ఫోర్‌పోల్ (నాలుగు అయస్కాంత ధ్రువాల) మోటారుకు 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) చూపించింది. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద ఆ మోటారు 1,500 అందుకోదు. ఖాళీగా తిరిగితే దానికి కాస్త తక్కువ, పూర్తి లోడు మీద 1,440 చుట్టుపక్కల. కాగితం తీసుకుని 6,000ను 60తో భాగించాను. సెకనుకు 100. అప్పుడు తల పైకెత్తి చూశాను. పాత చోకు ట్యూబ్‌లైటు కరెంటు ఒక్కో ఆవర్తనానికి రెండుసార్లు, అంటే సెకనుకు వందసార్లు మిణుకుతుంది. నేను ఇంతసేపూ కొలిచింది షాఫ్టును కాదు, దాని మీద పడిన ఆ వెలుగును! లైటు ఆర్పితే 1,493 వచ్చింది.

ఇందులో హెర్ట్జ్ చూపించే మీట లేదు. మొదట్లో అదే పెద్ద లోపమనిపించింది, ఎందుకంటే మా వైబ్రేషన్ మీటరు మాట్లాడేది హెర్ట్జ్‌లోనే. 1,440 ఆర్‌పీఎంను 60తో భాగిస్తే సెకనుకు 24 చుట్లు, అంటే 24 హెర్ట్జ్. అదురు సరిగ్గా అక్కడే ఎక్కువగా ఉంటే ముందు రోటారు (మోటారులో తిరిగే భాగం) బ్యాలెన్సు చూసుకుంటాను. ఇప్పుడు ఆ భాగహారం నోటికొచ్చేసింది. అయితే డ్రైవు (కరెంటు హెర్ట్జ్ మార్చి మోటారు వేగం మార్చే పెట్టె) తెర మీద కనిపించే హెర్ట్జ్ వేరే సంగతి. అది కరెంటుది, షాఫ్టుది కాదు. డ్రైవును 40 మీద పెట్టి, 2,400 రావడం లేదేమిటని గొడవకు వచ్చిన వాళ్లున్నారు. ఫోర్‌పోల్‌కు 120ని 40తో గుణించి 4తో భాగిస్తే 1,200. లోడు మీద అంతకంటే తక్కువే వస్తుంది.

పోయినేడాది ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ఐదు హార్స్‌పవర్ మోటారు టార్కు (షాఫ్టును తిప్పే బలం) లెక్క వేసుకొచ్చి చూపించాడు: 155 న్యూటన్ మీటర్లు. ఐదు హార్స్‌పవర్, అంటే 3,730 వాట్లను, సెకనుకు 24 చుట్లతో భాగించేశాడు. అక్కడ కావలసింది సెకనుకు రేడియన్లు. ఒక చుట్టుకు 6.283 రేడియన్లు కాబట్టి 24 కాస్తా 150.8 అవుతుంది, టార్కు 25కు కాస్త లోపే తేలుతుంది. ఆ 155ను నమ్మి అంత పెద్ద కప్లింగు (రెండు షాఫ్టులను కలిపే భాగం) కొని ఉంటే డబ్బు దండగే.

టేపు విషయంలో పిసినారితనం పనికిరాదు. నూనె పట్టిన ముక్కను మళ్లీ వాడితే అంకె ఎగిరెగిరి పడుతుంది. కీవే (షాఫ్టు మీది గాడి) అంచు మెరిస్తే రెట్టింపు చూపిస్తుంది. అక్కడ నల్ల మార్కరు పూస్తాను. సీలింగ్ ఫ్యానుకు టేపు లేకుండా కింది నుంచి చుక్క వేస్తే మూడు రెక్కలనూ లెక్కపెట్టి 1,050 అంటుంది, అసలు వేగం 350.

బ్యాటరీ మూత గొళ్లెం రెండేళ్లకే విరిగింది. ఇన్సులేషన్ టేపు చుట్టి వాడుతున్నాను.