జీతం ఎగవేసిన క్లబ్బుపై ఎవరికి చెప్పుకోవాలి? బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ సేవపై సమీక్ష

క్లబ్బులకూ ఆటగాళ్లకూ మధ్య కాంట్రాక్టు వివాదాలను తేల్చే బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ పనితీరును తూచాలంటే ముందుగా దాని తలుపు తట్టేవారి బతుకు ఎటువంటిదో తెలియాలి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో ఉన్నవి 30 జట్లు. జట్టుకు 15 పూర్తి కాంట్రాక్టులు, వాటికి తోడు 3 టూ-వే కాంట్రాక్టులు (కింది లీగులోనూ ఆడేవారికి ఇచ్చేవి) కలిపినా మొత్తం 540 మందికి మించి చోటు లేదు. ఆ లెక్కలో ఇమడని అమెరికన్ ఆటగాళ్లు ఏటా సూట్‌కేసు సర్దుకుని ఇజ్రాయెల్‌కో, గ్రీసుకో, జపాన్‌కో బయలుదేరుతారు. 2006 డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియలో, టొరంటో తీసుకున్న పీ.జే. టక్కర్‌ను ఆ జట్టు ఏడాది తిరగకుండానే వదిలేసింది. తర్వాత 2012 దాకా అతడు ఇజ్రాయెల్, ఉక్రెయిన్, గ్రీస్, ఇటలీ, జర్మనీ దేశాల క్లబ్బులకు ఆడి, మళ్లీ ఎన్‌బీఏకు చేరి, 2021లో మిల్వాకీ జట్టు తరఫున టైటిల్ గెలిచాడు. అతని కథ సుఖాంతమైంది కనుక అందరికీ తెలిసింది. అదే దారిలో తిరిగి తిరిగి మోకాళ్లు అరగదీసుకున్న చాలామంది పేర్లు ఈ ట్రిబ్యునల్ తీర్పుల మొదటి పేజీలో, ఫిర్యాది అనే మాట పక్కన కనిపిస్తాయి.

నేను ఆటగాడిని కాను, ఏజెంటునూ కాను. ట్రిబ్యునల్ తన వెబ్‌సైటులో ఉచితంగా ప్రచురించే తీర్పులను చాలాకాలంగా చదువుతున్న పాఠకుడిగా మాత్రమే ఈ సమీక్ష రాస్తున్నాను.

విదేశీ క్లబ్బు ఇచ్చే కాంట్రాక్టు సాధారణంగా ఒక్క సీజన్‌కే ఉంటుంది. పన్నులు పోగా చేతికందే జీతం, ఉండటానికి ఫ్లాటు, తిరగడానికి కారు, రానుపోను విమాన టికెట్లు, గెలుపులను బట్టి బోనస్ అందులో ఉంటాయి. కాగితం మీద అంతా బాగానే ఉంటుంది. స్పాన్సర్ తప్పుకున్నాకో, జట్టు పట్టికలో దిగజారాకో మొదట బోనస్ ఆగుతుంది, తర్వాత జీతం ఆలస్యమవుతుంది, ఆ తర్వాత మేనేజరు ఫోనెత్తడం మానేస్తాడు. ఆ దేశపు కోర్టులో దావా వేద్దామంటే భాష రాదు, విచారణ ఏళ్ల తరబడి సాగుతుంది, ఈలోగా ఆటగాడు మరో దేశంలో మరో జెర్సీ తొడుక్కుని ఉంటాడు.

ఈ చిక్కును విప్పడానికే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా 2007లో జెనీవా వేదికగా ఫీబా ఆర్బిట్రల్ ట్రిబ్యునల్‌ను నెలకొల్పింది. 2011లో దానికి ఇప్పటి పేరు వచ్చింది. తొలినాళ్ల నుంచి కెనడా న్యాయాచార్యుడు రిచర్డ్ మెక్‌లారెన్ దీనికి అధ్యక్షత వహించారు. 0001/07 సంఖ్య గల మొట్టమొదటి కేసును ఒక ఆటగాడు, అతని ఏజెంటు కలిసి గ్రీసు క్లబ్బు పావోక్‌పై వేశారు. ఆ తర్వాత వచ్చిన కేసులు వెయ్యి దాటాయి. అయితే ఆటగాడైనంత మాత్రాన ఈ సేవ దక్కదు. వివాదం వస్తే ఈ ట్రిబ్యునల్‌కే వెళ్తామని కాంట్రాక్టులో రాసుకుని ఉండాలి. ఆ నిబంధన ఎలా ఉండాలో ట్రిబ్యునలే నమూనా ఇస్తోంది. దాన్ని యథాతథంగా ఎత్తి రాయడానికి కూడా బద్ధకించి, సొంత తెలివితో మార్చి, చివరికి ట్రిబ్యునల్‌కు విచారణాధికారమే ఉందా లేదా అని పేజీలకు పేజీలు వాదించుకోవలసి వచ్చిన సందర్భాలు చదివినప్పుడు, కమీషన్ పుచ్చుకున్న ఏజెంటు చేసిన పనేమిటని అడగాలనిపిస్తుంది.

పని జరిగే తీరు నాకు బాగా నచ్చింది. అధ్యక్షుడు నియమించే ఒకే ఒక్క ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) కేసు చూస్తాడు కాబట్టి, ఎవరి మనిషిని వారు పెట్టుకునే బేరసారాలకు తావు లేదు. దాదాపు అంతా ఇంగ్లిషులో, రాతపూర్వకంగా, ఈమెయిళ్ల మీదే నడుస్తుంది. ముఖాముఖి విచారణ అరుదు. విచారణ ముగిసి, ఖర్చుల సొమ్ము పూర్తిగా జమ అయ్యాక ఆరు వారాల్లో తీర్పు చెప్పాలన్నది నియమం. మొదట్లో లాసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి అప్పీలు వెళ్లే వీలుండేది, తర్వాత దాన్ని తీసేశారు. ఇప్పుడు స్విట్జర్లాండ్ అత్యున్నత న్యాయస్థానమైన ఫెడరల్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు గానీ, చాలా పరిమితమైన కారణాలపైనే.

దీని అసలు ప్రత్యేకత తీర్పుకు ఆధారంలో ఉంది. ఇరుపక్షాలు వేరే విధంగా ఒప్పుకుంటే తప్ప, ఆర్బిట్రేటర్ ఏ దేశపు చట్టాన్నీ వర్తింపజేయడు. న్యాయం, ధర్మం ఏది అనిపిస్తే దాని ప్రకారం తేలుస్తాడు. వినడానికి ఊరి పెద్ద రచ్చబండ మీద కూర్చుని చెప్పే తీర్పులా ఉంటుంది, నేనూ మొదట అలాగే అనుమానించాను. వరసగా చదువుతూ పోతే మాత్రం స్థిరమైన పద్ధతి కనబడుతుంది. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలన్నది మొదటి సూత్రం. బాకీపై ఏడాదికి 5 శాతం వడ్డీ దాదాపు ఆనవాయితీ. ఆలస్యానికి రోజుకింత అని కాంట్రాక్టులో రాసుకున్న జరిమానా పెరిగి పెరిగి అసలుకు మించిపోయే చోట దానికి కోత పడుతుంది.

క్లబ్బు మధ్యలో తీసేసినవాడు ఊరికే కూర్చోకుండా మరో క్లబ్బు వెతుక్కోవాలన్నది ఇంకో సూత్రం. ఉదాహరణకు మిగిలిన జీతం 60,000 యూరోలై, ఆ సీజన్‌లోనే మరోచోట 25,000 సంపాదిస్తే, పరిహారం 35,000కు తగ్గుతుంది. అసలు ప్రయత్నించనివాడు ఎంత సంపాదించగలిగేవాడో అంచనా వేసి దాన్నీ మినహాయించగలరు. ఒకే కాలానికి రెండు జీతాలు రాకూడదన్న తర్కం సరైనదే. అయినా రెండో లీగులో దొరికిన చిన్న కాంట్రాక్టుకు తలవంచి ఆడినవాడి చెమట చివరికి ఎగవేసిన క్లబ్బుకే లాభించడం నాకు మింగుడుపడదు.

నా ప్రధాన ఫిర్యాదు ఖర్చు విషయంలో. కేసు వేసేటప్పుడు తిరిగిరాని రుసుము ఒకటి కట్టాలి, క్లెయిము పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. ఆపైన ఆర్బిట్రేటర్ పనికి ముందస్తు సొమ్మును సాధారణంగా ఇరుపక్షాలూ సగం సగం జమ చేయాలి. జీతమే ఇవ్వని క్లబ్బు ఈ సగం మాత్రం ఎందుకు కడుతుంది? క్లబ్బు తన వాటా చెల్లించలేదు, ఫిర్యాదియే ఆ వాటానూ చెల్లించాడు అన్న వాక్యం తీర్పుల్లో ఎంత తరచుగా ఎదురవుతుందంటే, అచ్చులో పోసిపెట్టుకున్నారేమో అనిపిస్తుంది. గెలిస్తే ఆ ఖర్చు క్లబ్బు నుంచే రాబట్టుకోమంటారు, నిజమే. కానీ నాలుగు నెలలుగా జీతం లేనివాడు తన వాటాతోపాటు ఎదుటివాడి వాటా కూడా ముందుగా ఎక్కడి నుంచి తేవాలి? చిన్న మొత్తాల కేసుల్లో కారణాలు రాయకుండా తీర్పు ఇచ్చి ఖర్చు తగ్గిస్తున్నారు, కారణాలు కావాలంటే అదనంగా కట్టాలి. ఇది కొంత ఉపశమనమే గానీ, పదివేల యూరోల బాకీ ఉన్నవాడు ఇప్పటికీ వేళ్ల మీద లెక్క వేసుకుని వెనక్కి తగ్గే పరిస్థితి పోలేదు.

తీర్పు అమలు చేయించే బలం మాత్రం సాధారణ మధ్యవర్తిత్వ సంస్థలకు లేనిది. తీర్పును లెక్కచేయని క్లబ్బుకు ఫీబా జరిమానా వేయగలదు, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధించగలదు. వచ్చే సీజన్‌కు విదేశీ ఆటగాళ్లు కావలసిన క్లబ్బుకు కోర్టు నోటీసు కన్నా ఈ నిషేధం గట్టిగా తగులుతుంది. విదేశీ మధ్యవర్తిత్వ తీర్పులను గుర్తించే 1958 నాటి న్యూయార్క్ ఒడంబడిక కింద ఆయా దేశాల కోర్టుల ద్వారా వసూలు చేసుకునే దారీ ఉంది. అయితే అప్పుల్లో మునిగిన క్లబ్బు మూతపడితే, దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు, ఆటగాడి చేతిలో తీర్పు మిగులుతుంది, డబ్బు మిగలదు.

ఏజెంట్లకూ ఇదే తలుపు. ఎన్‌బీఏలో ఏజెంటు కమీషన్ 4 శాతం మించరాదు, విదేశాల్లో 10 శాతం వాడుక, దాన్ని తరచుగా క్లబ్బే చెల్లిస్తుంది. అదీ ఎగవేతకు గురవుతుంది కాబట్టి ఫిర్యాదుల్లో వారి వాటా తక్కువేమీ కాదు.

ఈ సేవకు ఎవరూ ప్రచారం చేయని ఉపయోగం ఒకటుంది. కొత్త క్లబ్బు నుంచి పిలుపు వచ్చినప్పుడు, సంతకానికి ముందే, ప్రచురిత తీర్పుల్లో ఆ క్లబ్బు పేరు వెతకవచ్చు, ఫీబా నిషేధాల జాబితాలో ఉందేమో కూడా చూడవచ్చు. రాజీతో ముగిసినవి కనబడవు కాబట్టి పేరు లేనంత మాత్రాన క్లబ్బు మంచిదని తేలదు. కానీ ఒకే క్లబ్బు వరసగా మూడు సీజన్లలో ముగ్గురు ఆటగాళ్లకు ప్రతివాదిగా నిలిచి ఉంటే, ఆ ఫ్లాటు ఎంత విశాలమైనదో, కారు ఏ మోడలో అడగవలసిన పనిలేదు.