కొన్నేళ్ల వాడకం తర్వాత నా హెచ్‌ఓ షంటర్: మోటారు బాగుంది, గొడవంతా కరెంటు రేకులతోనే

ఈ ఆరు చక్రాల షంటర్ (యార్డులో పెట్టెల్ని అటూ ఇటూ జరిపే చిన్న ఇంజన్) హెచ్‌ఓ సైజుది, అంటే అసలు దానిలో 87వ వంతు ఉండే బొమ్మ రైలింజన్. దీని గురించి కొన్న కొత్తలో అడగనివాళ్లకు కూడా చెప్పుకున్నాను, నత్త నడకలో పోనిచ్చినా కుదుపు ఉండదని. ఆ మాట ఇప్పుడూ అంటాను. కాకపోతే ‘కొత్తలో’ అని ముందు చేర్చి అంటాను.

నా కోపమంతా చక్రాల లోపలి వైపు ఆనుకుని ఉండే సన్నని ఫాస్ఫర్ బ్రాంజ్ రేకుల మీద. పట్టాల్లోని కరెంటు చక్రాల నుంచి మోటారుకు చేరేది వాటి ద్వారానే. మొదట పాయింట్ల మీద, అంటే పట్టాలు రెండుగా చీలే చోట, ఆగడం మొదలైంది. వేలితో తడితే కదిలేది. మాది మేడ మీద గది, అనంతపురం ఎండాకాలం గాలి సంగతి తెలిసిందే కదా, అందరూ దుమ్మునే తిట్టారు. పట్టాలు, చక్రాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ అదే వరస. ఇంజన్‌ను ఒక పక్కకు నొక్కితే మాత్రం లైటు మిణుకుమనకుండా వెలిగేది.

చివరికి అడుగు ప్లేటు విప్పాను. ఒక రేకు చక్రం రాసుకునే చోట అరిగి అరిగి కొస విరిగిపోయింది. ఇంకోదానికి నల్లటి మసి. చక్రానికి సరిగ్గా ఆననప్పుడు సన్నటి నిప్పురవ్వలు లేస్తాయి, ఆ మసి పేరుకున్నకొద్దీ కరెంటు ఇంకా అందదు. దుమ్ము పాత్ర కూడా ఉంది. నూనెలో కలిసి రేకును గరుకు కాగితం పెట్టినట్టు అరగదీసింది. పైగా ఒక చక్రానికి రబ్బరు టైరు, దాని నుంచి కరెంటు రానే రాదు. మిగిలిన అయిదింటిలో రెండు పోయాక, పాయింటు మధ్యలో ఉండే కరెంటు లేని ప్లాస్టిక్ ముక్క తగిలితే బండి ఆగక ఏం చేస్తుంది?

రేకు అరగడం తప్పు కాదు. గుంతకల్లు మీదుగా పోయే ఎలక్ట్రిక్ ఇంజన్ల పాంటోగ్రాఫ్ (పై తీగ నుంచి కరెంటు అందుకునే చట్రం) మీది కార్బన్ పట్టీలూ అరుగుతాయి, కానీ అవి మార్చుకునేలా చేసినవి. ఇక్కడ రేకులు విడిగా అమ్మరట. అడుగు భాగం మొత్తం విదేశం నుంచి తెప్పించుకోవాలట, పోస్టేజీ, కస్టమ్స్ అదనం. ఒళ్లు మండింది.

టవర్ క్లాక్ దగ్గర రిపేరు చేసే ఆయన పాత రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) లోంచి స్ప్రింగు రేకు తీసి, కత్తిరించి సోల్డర్ చేశాడు. “గట్టిగా ఆనిస్తే ఇంకా బిరీన అరుగుతాది సార్” అని కొంచెం వదులుగానే ఉంచాడు. ఇప్పుడు పాయింట్లు దాటుతుంది. మరీ నెమ్మదిగా నడిపితే మాత్రం మునుపటి నునుపు లేదు.

కొనమంటానా? మా ఇంట్లో పిల్లలు రోజూ తిప్పుతారు. మూసిన గదిలో ఎప్పుడో ఒకసారి నడిపేవాళ్లకు ఏళ్ల తరబడి ఏమీ కాకపోవచ్చు. డీసీసీ (పట్టాల ద్వారా డిజిటల్ సంకేతాలు పంపి ఇంజన్‌ను నడిపే పద్ధతి)తో కీప్-అలైవ్ కెపాసిటర్ (కరెంటు తెగిన క్షణంలో ఇంజన్‌ను నడిపించే చిన్న కరెంటు నిల్వ) వాడేవాళ్లకు చిన్న అంతరాయాలు తెలియవు కాబట్టి, రేకు అరుగుతున్నా ఆలస్యంగా బయటపడుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే అడుగు ప్లేటు విప్పి చూశాకే డబ్బు ఇవ్వండి. ఇదే కంపెనీ పెద్ద ఇంజన్ ఒకటి మా దగ్గర ఉంది. ఎనిమిది చక్రాల నుంచి కరెంటు తీసుకుంటుంది, ఇంతవరకు ఏ గొడవా లేదు. అయితే దాన్ని పిల్లల చేతికి ఇవ్వలేదు లెండి.