ఆరేళ్లుగా వాడుతున్న ఫాస్ఫో యాంటీబాడీలు, ఫాస్-ట్యాగ్ జెల్: నా అనుభవం

గుంటూరులో మా ల్యాబ్‌లో ఫాస్ఫో-ఈఆర్‌కే యాంటీబాడీ వాడకం మొదలుపెట్టి ఆరేళ్లు దాటింది. ఈఆర్‌కే అనేది కణంలో సంకేతాలు మోసే ప్రొటీన్, దాని మీద ఫాస్ఫేట్ ఉన్నప్పుడే ఈ యాంటీబాడీ అంటుకుంటుంది. కొత్తగా చేరిన పిల్లలు "ఏ యాంటీబాడీ కొనమంటారు మేడమ్?" అని అడుగుతారు. ఏది కొన్నా సరే, ముందు కణాలను పగలగొట్టే ఆ ఐదు నిమిషాలు జాగ్రత్తగా చూసుకోమంటాను. ప్రొటీన్లను జెల్‌లో సైజునుబట్టి విడదీసి, మెంబ్రేన్ మీదికి దించి, యాంటీబాడీతో చూస్తే (దీన్నే బ్లాట్ అంటాం) కనిపించే గీత బ్యాండ్. నాకు పోయిన బ్యాండ్లలో ఎక్కువ భాగం అక్కడ పోయినవే.

కణంలో కైనేజ్ అనే ఎంజైమ్ ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి ప్రొటీన్ మీద, సెరిన్, థ్రియోనిన్, టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలలో ఏదో ఒకచోట పెడుతుంది. ఫాస్ఫటేజ్ దాన్ని ఊడదీస్తుంది. ఇలా పెట్టి తీయడం వల్లే ఎంజైమ్ పని మొదలవుతుందని, ఆగుతుందని ఫిషర్, క్రెబ్స్ 1950లలో కండరంలోని ఫాస్ఫరైలేజ్ మీద చూపించారు. 1992లో నోబెల్ వచ్చింది ఆ పనికే. మనకొచ్చే చిక్కు కూడా అక్కడే ఉంది. కణం పగిలాక కూడా ఫాస్ఫటేజ్‌లు పని ఆపవు. చల్లగా ఉంచి, మందు వేసి ఆపాలి.

ఒక మే నెలలో కరెంటు పోయి ఐస్ మెషిన్ ఆగింది. అటెండర్ బాబాయిని అడిగాను. "కూల్‌డ్రింక్ కొట్లో దిమ్మ ఉందమ్మా, పగలగొట్టించి తెస్తా, పది నిమిషాలు ఆగు" అన్నాడు. నేను ఆగలేదు. హీలా కణాలకు (ల్యాబుల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) ఈజీఎఫ్ (ఈఆర్‌కే మీద ఫాస్ఫేట్ పెట్టించే గ్రోత్ ఫ్యాక్టర్) ఇచ్చి ఐదు నిమిషాలైపోయింది, అప్పుడే లైసిస్, అంటే కణాలను పగలగొట్టడం, చేయాలి. చల్లనీళ్లలో ట్యూబులు పెట్టి కానిచ్చాను. సాయంత్రానికి మొత్తం ఈఆర్‌కే (ఫాస్ఫేట్ ఉన్నదీ లేనిదీ కలిపి) 42, 44 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) దగ్గర చక్కగా రెండు గీతలుగా కనిపించింది. ఫాస్ఫో బ్లాట్‌లో మాత్రం అదే చోట నీడలాంటి మరక. ఆ తర్వాత ఐస్ బకెట్ నిండిందని కళ్లతో చూశాకే ఈజీఎఫ్ ముట్టుకుంటున్నాను.

ఫాస్ఫటేజ్‌లను ఆపే మందుల్లో (ఇన్హిబిటర్లు) సోడియం ఫ్లోరైడ్, బీటా-గ్లిసరోఫాస్ఫేట్‌లతో ఇబ్బంది లేదు. సోడియం ఆర్థోవనడేట్‌నే ఓపికగా తయారుచేసుకోవాలి. పీహెచ్ 10కి తేగానే ద్రావణం పసుపుపచ్చగా మారుతుంది. మరిగిస్తే రంగు పోయి నీళ్లలా అవుతుంది. చల్లార్చి పీహెచ్ చూస్తే మళ్లీ మారి ఉంటుంది. సరిచేసి మళ్లీ మరిగించాలి. రంగు తిరిగి రాకుండా పీహెచ్ నిలబడేదాకా అంతే. తొందరపడి పసుపు రంగు ఉండగానే వాడితే టైరోసిన్ ఫాస్ఫటేజ్‌లను అది సరిగా ఆపదు.

బ్లాకింగ్‌కు, అంటే యాంటీబాడీ మెంబ్రేన్ మీద ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా ముందే కప్పేయడానికి, మొదట్లో పాలపొడి వాడాను, చవక కదా. పాలలోని కేసీన్ కూడా ఫాస్ఫేట్ ఉన్న ప్రొటీనే కాబట్టి, కొన్ని యాంటీబాడీలతో మెంబ్రేన్ అంతా మసకేస్తుంది. ఇప్పుడు 5 శాతం బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్) వాడుతున్నాను. ఖర్చు ఎక్కువే, అయినా మళ్లీ పాలపొడి జోలికి వెళ్లను.

యాంటీబాడీలు తెప్పించుకోవడం ఇంకో బాధ. ఒక డీలర్ పంపిన పార్సిల్ ఎండాకాలంలో జెల్ ప్యాక్‌లన్నీ కరిగిపోయి వచ్చింది. అడిగితే మార్చి ఇవ్వలేదు. గ్లిసరాల్ కలిపిన వయల్ కాబట్టి అది బతికింది, కానీ ఆ వారమంతా టెన్షనే. అందుకే ఏడాదికి సరిపడా సరుకు నవంబరు, ఫిబ్రవరి మధ్యలోనే తెప్పించుకుంటున్నాను. మీరూ అలాగే చేయండి.

ఇక ఫాస్-ట్యాగ్. హిరోషిమా యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన ఈ పదార్థాన్ని మాంగనీస్‌తో కలిపి జెల్‌లో పోస్తే, ఫాస్ఫేట్ ఉన్న ప్రొటీన్ దానికి అంటుకుంటూ నెమ్మదిగా కదులుతుంది. ఫాస్ఫో యాంటీబాడీ లేకుండా, మామూలు యాంటీబాడీతోనే ఎంత భాగం ఫాస్ఫరైలేట్ అయిందో (ఫాస్ఫేట్ చేరిందో) ఒకే లేన్‌లో, అంటే జెల్‌లో ఒక శాంపిల్ నడిచే వరసలో, చూడొచ్చు. నాకు బాగా నచ్చింది ఇదే. ధర మాత్రం గుండె గుభేల్‌మనిపిస్తుంది. పైగా శాంపిల్‌లో ఈడీటీఏ (లోహాలను పట్టేసే రసాయనం) ఉంటే మాంగనీస్‌ను పట్టేసుకుని బ్యాండ్లను వంకర్లు తిప్పేస్తుంది. నా లైసిస్ బఫర్‌లోనే అది ఉందని తెలియడానికి మూడు వారాలు పట్టింది. జెల్ నడిచాక, ట్రాన్స్‌ఫర్‌కు ముందు మాత్రం మాంగనీస్‌ను తీసేయడానికి జెల్‌ను ఈడీటీఏతోనే కడగాలి, లేకపోతే ప్రొటీన్ మెంబ్రేన్ మీదికి సరిగా దిగదు. రంగు లాడర్ (సైజు పోల్చడానికి పక్కన నడిపే ప్రొటీన్ల మిశ్రమం) ఇందులో సరిగా నడవదు, దాన్నిబట్టి సైజు చెప్పకండి.

ఏ చోట ఫాస్ఫేట్ ఉందో అసలు తెలియనప్పుడు మాస్ స్పెక్ట్రోమెట్రీ (ప్రొటీన్ ముక్కల బరువు కొలిచే పద్ధతి) తప్పదు. మాకు ఆ మెషిన్ లేదు, శాంపిళ్లు హైదరాబాద్ పంపుతాం. రేడియోధార్మిక ఫాస్ఫరస్-32 నేనెప్పుడూ వాడలేదు, కాబట్టి దాని గురించి రాయను.

చివరగా ల్యాంబ్డా ఫాస్ఫటేజ్, ప్రొటీన్ల మీది ఫాస్ఫేట్‌లను ఊడదీసే ఎంజైమ్. ఇన్హిబిటర్లు వేయని లైసేట్‌లో (పగిలిన కణాల ద్రావణం) సగానికి ఈ ఎంజైమ్ కలిపి, రెండు సగాలనూ పక్కపక్కన నడపాలి. బ్యాండ్ నిజంగా ఫాస్ఫేట్‌దే అయితే ఎంజైమ్ కలిపిన లేన్‌లో మాయమవ్వాలి. ఎనిమిది నెలలు నమ్మి వాడిన ఒక ఫాస్ఫో యాంటీబాడీని ఇలా చూస్తే బ్యాండ్ చెక్కుచెదరలేదు. అది వేరే ప్రొటీన్‌కు అంటుకుంటోంది. ఆ ఎనిమిది నెలల బ్లాట్లన్నీ పక్కన పెట్టేశాను. ఇప్పుడు మా ల్యాబ్‌లో ఏ కొత్త వయల్ తెరిచినా, మొదటి జెల్‌లో ఆ రెండు లేన్లు ఉండాల్సిందే.